పటము నుండి పుట వఱకు



నేటి ప్రసంగవిషయము వినుటకు కొంత క్రొత్తగా తోపవచ్చును గాని, దానితో మీకు నిత్యమును పని యున్నది. అడంగలు చూచుకొనుటయు, పింఛను దరఖాస్తు పెట్టుకొనుటయు, మనుమని పరీక్షాఫలితము తెలిసికొనుటయు ఇప్పుడు వెబ్ పుటల మూలముననే జరుగుచున్నవి. ఫోను తెరమీద మీరు చూచు ఆ పుట మొదట ఒక చిత్రకారుని యొద్ద బొమ్మగా పుట్టును. ఆ బొమ్మను పనిచేయు పుటగా మార్చుట వేఱొకని పని. అదియే నా వృత్తి. ఇరువది యేండ్లకు పైగా దానివలననే జీవించుచున్నాను. ఆ పని యెట్లు జరుగునో, అందు పొరపాటు ఎచ్చట దొరలునో, ఆ పొరపాటువలన నష్టపడువా రెవ్వరో, నా జీవితములో జరిగిన యొక సంగతితో గూడ మీకు విన్నవించెదను.

ముందుగా ఆ బొమ్మ యెట్టిదో చూతము. తెరను చుక్కలముగ్గుగా భావింపుడు. ఆ చుక్క యొక్కొక్కదానికి పిక్సెలు అని పేరు. చిత్రకారుడు 1440 చుక్కల వెడల్పుగల యొక దీర్ఘచతురస్రమును తీసికొని, పైన శీర్షిక, ఎడమప్రక్కన చిత్రము, కుడిప్రక్కన వార్తలు, క్రింద నొక మీట, ఇట్లు సమస్తమును అందముగా అమర్చును. ఏ వస్తువు అంచునుండి యెన్ని చుక్కల దూరమున నున్నది, ఏ అక్షర మెంత యెత్తున్నది, ఏ రంగెంత గాఢముగా నున్నది, అన్నియు లెక్కయే. పూర్వము ఈ పనిని 1990లో వెలువడిన ఫోటోషాప్‌తో చేసెడివారు. 2016లో ఎల్లరకు అందుబాటులోనికి వచ్చిన ఫిగ్మాతో ఇప్పుడు పలువురు చేయుచున్నారు. బొమ్మ పూర్తియైన పిమ్మట అది నా చేతికి వచ్చును. చూచుటకు పుటవలెనే యుండును. కాని మీట నొక్కినచో ఏమియు జరుగదు. అక్షరములు పెద్దవి కావు. ఒక్క మాటయైనను పలుకదు.

ఇంటి నమూనా గీచుకొని మేస్త్రీ యిల్లు కట్టినట్లు ఈ బొమ్మను చూచి పుట కట్టవచ్చునని యెవరికైనను తోచును. నాకును మొదట అట్లే తోచినది. కాని యొక పెద్ద భేదము కలదు. ఇల్లు ఒక్కచోట ఒక్కమారు కట్టబడును. వెబ్ పుట యట్లు కాదు. అది చదువువాని యింట, అతని యంత్రముమీద, అతడు తెఱచిన ప్రతిమారును క్రొత్తగా కట్టబడును. మనము పంపునది కట్టిన పందిరి కాదు. రాటలు, వాసములు, తాటాకులు, వానితోబాటు పందిరి యెట్లు వేయవలయునో చెప్పు చీటి, ఇంతమాత్రమే పంపుదుము. ఆ చీటియే కోడు. దానిని చదివి పందిరి వేయు పనివాడు బ్రౌజరు. ఒకరి వాకిలి విశాలముగా నుండును, మఱియొకరిది ఇఱుకుగా నుండును. చీటి వ్రాయువాడు తన వాకిలి కొలతలనే వ్రాసి పంపినచో ఇఱుకు వాకిలిలో రాట గోడకు తగులును.

ఈ యేర్పాటు ఊరక వచ్చినది కాదు. 1989లో జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను విజ్ఞాన పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు దీనిని ప్రతిపాదించెను. అచ్చటి శాస్త్రజ్ఞులు వేర్వేరు దేశములవారు, వారి యంత్రములును వేర్వేరు జాతులవి. ఒకరు వ్రాసిన కాగితము మఱియొకరి యంత్రమున కనబడకుండెను. ఏ యంత్రమునందైనను చదువదగిన పత్రము కావలెనన్న అవసరమునుండియే వెబ్ పుట్టినది. 1991లో అది బయటి ప్రపంచమునకు తెఱవబడినది. 1993లో సెర్న్‌వారు దానిని ఎట్టి రుసుమును లేకుండ లోకమున కెల్ల వదలిపెట్టిరి.

ఆ పుటలు వ్రాయు భాషకు హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. దస్తావేజు మీరెఱుగుదురు. అందు అమ్మినవారెవరు, కొన్నవారెవరు, హద్దులేవి, సొమ్మెంత, ఇట్లు ప్రతి భాగమునకును దాని స్థానము కలదు. లేఖరి దస్తూరి గుండ్రముగా నున్నను, వంకరగా నున్నను దస్తావేజు చెల్లుటకు లోటు లేదు. హెచ్.టి.ఎం.ఎల్. అట్టిది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక, ఇది మీట అని ప్రతిభాగమునకు పేరు పెట్టును. రంగులు, కొలతలు, అమరికలు చెప్పుటకు సి.ఎస్.ఎస్. అను వేఱొక భాష కలదు. 1994 అక్టోబరులో నార్వే దేశీయుడైన హోకన్ వియుమ్ లీ దానిని ప్రతిపాదించెను. పిమ్మట బెర్ట్ బోస్ అనునతడు తోడయ్యెను. 1996 డిసెంబరులో దాని మొదటి ప్రమాణము స్థిరపడినది. ఆ ప్రతిపాదనములోని ముఖ్యమైన భావ మొకటి గమనింపదగినది. పుట రూపమును నిర్ణయించుటలో వ్రాసినవాని కోరికయు, చదువువాని కోరికయు రెండును కలియవలెనని ఆయన తలంచెను. అనగా కన్ను మందగించినవాడు అక్షరము పెద్దదిగా కోరినచో పుట అతని మాట వినవలెను.

అయితే చిత్రకారుని బొమ్మకు ఈ నియమము నచ్చలేదు. బొమ్మలో నున్నట్లే, ఒక్క చుక్కయు తొలగకుండ, తెరమీద కనబడవలెనని పట్టుదల. 1996లో డేవిడ్ సీగెల్ అను అమెరికనుడు దీనికి ఉపాయములు చెప్పుచు ఒక గ్రంథమును ప్రచురించెను. లెక్కలు వ్రాసికొనుటకై యేర్పడిన పట్టికలనే గోడలుగా నిలుపుట, కంటికి కనబడని యొక్క చుక్క బొమ్మను సాగదీసి ఖాళీలు నింపుట, ఇట్టివి ఆ గ్రంథమువలన లోకమంతట వ్యాపించినవి. బొమ్మను కత్తెరతో ముక్కలు చేసి, ఆ ముక్కలను పట్టిక గదులలో నతికించి, అదియే పుట యనిరి. మరుసటి యేటనే ఆ సీగెల్ వెబ్బును పాడుచేసినవాడను నేనేయని బహిరంగముగా ఒక వ్యాసమున ఒప్పుకొనెను. కాని అలవాటు మాత్రము పోలేదు. నేను ఈ వృత్తిలో చేరినప్పుడు నాకు మొదట నేర్పిన విద్య ఆ కత్తెరపనియే.

తెలుగునకు ఈ రోగము మఱింత ముదిరినది. 1991లోనే యూనికోడ్ అను అంతర్జాతీయ లిపిపట్టికలో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఐనను చాల సంవత్సరములు మన పత్రికలు పెక్కు తమ తమ సొంత అక్షరమూసలనే వాడెను. ఆ మూస దించుకొనని వానికి తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరముల గజిబిజి కనబడెడిది. ఆ బాధ తప్పించుకొనుటకు తెలుగు వ్రాతను బొమ్మగా చేసి అతికించుట సులభోపాయ మయ్యెను. అక్షరము కంటికి కనబడును గాని అది యంత్రమునకు అక్షరము కాదు, రంగుచుక్కల గుంపు మాత్రమే. దానిని వెదకుట కాదు, పెంచుట కాదు, పలికించుట కాదు.

ఇక నా సంగతి. 2019లో ఒక వైద్యశాలవారికి నే నొక పుట కట్టితిని. పల్లెలలో వారు జరుపు కంటిశిబిరముల సమాచారము అందుండును. చిత్రకారుడు బొమ్మ గీచి పంపెను. శిబిరము జరుగు తేదీయు, స్థలమును ఆకుపచ్చని పట్టీమీద వంపులుగల అందమైన తెలుగు అక్షరములలో ఉండెను. ఆ అక్షరమూస వెబ్ పుటలో వాడుటకు దొరకలేదు. గడువు దగ్గఱపడినది. బొమ్మలో నున్నట్లే కనబడవలెనని వారి ఆజ్ఞ. నేను కత్తెర తీసికొని ఆ పట్టీని యున్నదున్నట్లుగా కత్తిరించి పుటలో అతికించితిని. బొమ్మ చూడలేనివారి కొఱకు దాని వెనుక ఒక వాక్యము వ్రాయుటకు కోడులో చోటున్నది. తొందరలో అదియు వ్రాయనైతిని. పుట బొమ్మకు అచ్చముగా సరిపోయినది. అందఱును మెచ్చుకొనిరి.

మా మేనమామగారు దివిసీమలో నొక పల్లెయందుందురు. బడిపంతులుగా పనిచేసి పింఛను పుచ్చుకొన్నవారు. అప్పటికే వారికి నీటికాసుల వ్యాధివలన చూపు మందగించినది. ఫోనులో చదివి వినిపించు సాధనమును అమర్చుకొని, దినపత్రిక మొదలు వాతావరణ వార్తవఱకు వినుచుందురు. పండుగకు నే నచ్చటికి పోయినప్పుడు మాటలలో వారు నాతో ననినది ఇది.

"ఒరే అబ్బాయీ, కంటి శిబిరం ఎప్పుడో నువ్వు కట్టిన పేజీలో ఉందన్నారురా. నా ఫోను పైనుంచి అన్నీ చదివింది. డాక్టరుగారి పేరు చదివింది, తెచ్చుకోవలసిన కాగితాలు చదివింది. తేదీ దగ్గరికొచ్చేసరికి 'చిత్రము' అని ఊరుకుంది. రెండు మూడు సార్లు ప్రయత్నించాను."

"మఱి ఎవరినైనా చదివి పెట్టమనకపోయావా, మామయ్యా?" అని యడిగితిని.

"నువ్వు కట్టిన పేజీ కదా, అందులో తప్పెందుకుంటుంది? నా ఫోనే పాడైందనుకున్నాను. బాగు చేయించుకొని వచ్చేటప్పటికి శిబిరం అయిపోయింది."

ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోయితిని. మరల శిబిరము వచ్చుటకు నాలుగు నెలలు పట్టినది. వైద్యులు పరీక్షించి, ఎడమకంటి చూపు మునుపటికన్న తగ్గినదని చెప్పి మందు మార్చిరి. ఆ తగ్గినదానిలో ఆ నాలుగు నెలల పాలెంతయో ఎవ్వరును చెప్పజాలరు. ఆ వ్యాధివలన పోయిన చూపు మరల రాదు. ఆ రాత్రియే కూర్చుండి ఆ పట్టీ తీసివేసి, ఆ రెండు పంక్తులను సామాన్యమైన అక్షరములతో వ్రాసితిని. దానికి నాకు పట్టిన కాలము పది నిమిషములు.

నాటినుండి నా పనితీరు మాఱినది. ఇప్పుడు బొమ్మ చేతికి రాగానే కొలతలు తీయను. మొదట దానిని చదువుదును. ఇందు చెప్పదలచిన దేమి, ముందేది, వెనుకేది, అని రంగులేవియు లేకుండ వట్టి మాటలను వరుసగా వ్రాసికొందును. పెద్ద అక్షరములతో నున్నదంతయు శీర్షిక కాదు. చిన్న అక్షరములలో నున్నదియు ఒక్కొక్కప్పుడు శీర్షికయే కావచ్చును. కన్నులు లేనివాడు పుటను వినునప్పుడు శీర్షికనుండి శీర్షికకు దూకుచు తనకు కావలసినచోటు వెదకుకొనును. శీర్షికలకు ఆ పేరు పెట్టనిచో అతడు మొదటి మాటనుండి తుదిమాటవఱకు వినవలసినదే. అట్లే బొమ్మలో మీటయు, మీటవలె కనబడు రంగుగడియు ఒక్కటిగానే తోచును. కోడులో అది మీటయని చెప్పినప్పుడే చేతులు వణకువాడు మీటలపలకతో దానిని నొక్కగలుగును.

పిమ్మట కొలతలు. బొమ్మ వెడల్పు 960 చుక్కలనుకొనుడు. ప్రక్క నిలువుపట్టీ వెడల్పు 240. నేను 240 అని వ్రాయక, నాలుగవవంతు అని వ్రాయుదును. అప్పుడు వాకిలి పెరిగిన పట్టీయు పెరుగును, తగ్గిన తగ్గును. కాని దీనికిని ఒక హద్దున్నది. సామాన్యముగా ఫోను తెర 360 చుక్కల వెడల్పుండును. అందు నాలుగవవంతు 90. ఆ యిఱుకులో మన తెలుగు సమాసమొకటి వరుసలో పట్టుటయే కష్టము. కావున తెర ఇంతకన్న సన్నమైనచో ప్రక్కపట్టీ ప్రక్కన నుండక క్రిందికి దిగవలెనని చీటిలో మఱియొక మాట వ్రాయుదును. వంతుల కొలతలు, వంగు బొమ్మలు, తెరను బట్టి మాఱు నియమములు, ఈ మూటిని ఒక్కచోట కూర్చి 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అను అమెరికను పనివాడు ఒక వ్యాసము వ్రాసెను. ఫోనులు ఇంటింటికి చేరుచున్న కాలమది. ఆ వ్యాసము మా వృత్తి నడకనే మార్చినది.

తెలుగు అక్షరములకు వేఱుగా జాగ్రత్త కావలెను. బొమ్మ గీచువాడు తఱచు ఇంగ్లీషు మాటలను పెట్టి గీచును. ఆ అక్షరములు గీతమీద బుద్ధిగా కూర్చుండును. మనకో, పైన గుడియు, క్రింద వత్తును. స్త్రీ అను నొక్క అక్షరమునే చూడుడు. కంటికి ఒక్కటి. యంత్రమున కది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము, ఇట్లు ఆఱు గుర్తులు. ఇంగ్లీషునకు చాలిన పంక్తుల యెడము దీనికి చాలదు. పైపంక్తి వత్తులు క్రిందిపంక్తి గుడులతో ఢీకొనును, లేదా పట్టీ అంచున తెగిపోవును. అందుచేత పంక్తుల నడుమ ఎడము పెంచుటయు, పట్టీల యెత్తును చుక్కలలో బిగింపక వ్రాతను బట్టి పెరుగనిచ్చుటయు నా కలవాటు. ఒకప్పుడు మంచి అక్షరమూసలు కొఱవడెనను సాకుండెను. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన అను మూసలను సిద్ధపఱచి యూనికోడ్ తెలుగునకు గొప్ప ఉపకారము చేసిరి. ఇప్పుడు మఱెన్నియో ఉచితముగా లభించుచున్నవి. ఇక ఆ సాకు చెల్లదు.

రంగుల విషయమున గూడ లెక్క యున్నది. తెల్లని నేలమీద లేతబూడిదరంగు వ్రాత చిత్రకారునికి సుకుమారముగా తోచును. ముసలికన్నులకు అది కనబడనే కనబడదు. 2008లో వెలువడిన అంతర్జాతీయ నియమావళి వ్రాతకును నేలకును నడుమ వెలుగు తారతమ్యము సామాన్యాక్షరములకు 4.5కు 1 కన్న తక్కువ యుండరాదని చెప్పుచున్నది. బొమ్మ అంతకు దిగినచో నేను చిత్రకారునికి ఫోను చేసి, "అయ్యా, ఈ రంగు కొంచెము ముదురు చేయుదము" అని వేడుకొందును. పలువురు సంతోషముగా ఒప్పుకొందురు. వారును చదువబడుటకే గదా గీచిరి!

ఇట్లు చేసినచో అందము చెడునని కొందఱి భయము. ఆ భయమునకు 2003లోనే సమాధానము దొరకినది. డేవ్ షే అను కెనడా దేశస్థుడు జెన్ గార్డెన్ అను పేర ఒకే పుటను నిలిపి, ఇందు మాటలను, గుర్తులను ముట్టక, అలంకారమును మాత్రము మార్చి ఎవరి నేర్పు వారు చూపుడని ఆహ్వానించెను. వందలకొలది రూపములు వచ్చినవి. ఒకటి తోటవలె, ఒకటి సముద్రమువలె, ఒకటి పాత కాగితమువలె. లోపలి మాటలు మాత్రము అక్షరము మాఱలేదు. చీటి చక్కగా వ్రాసినచో పందిరికి ఎన్ని తోరణములైనను కట్టవచ్చునని లోకమునకు దానివలన తెలిసినది.

ఇప్పుడు బొమ్మను చూపినంతనే నిమిషములలో కోడు వ్రాసియిచ్చు యంత్రబుద్ధులును వచ్చినవి. నేనును వానిని వాడుచున్నాను. ఆకారమును సరిపోల్చుటలో అవి మిగుల నేర్పరులు. కాని బొమ్మలో లేనిది ఒకటున్నది. అది చదువువాడు. అతని చూపెంత, అతని తెరయెంత, అతడు కన్నులతో చదువునా, చెవులతో చదువునా అను సంగతి ఏ బొమ్మలోను గీయబడియుండదు. దానిని తలంచుకొనవలసినవాడు కోడునకు పూచీ వహించు మనుష్యుడు. నేనానాడు మఱచినది అదియే.

పెద్దలారా, మీకు కోడుతో పని లేదు. కాని మీ కొఱకు కట్టిన పుట సరిగా నున్నదా యని పరీక్షించు హక్కు మీకున్నది. మూడు పరీక్షలు చెప్పెదను. ఫోనులో అక్షరముల పరిమాణమును పెంచి చూడుడు. పుటలోని అక్షరములును పెరిగి, వరుసలు చక్కగా సర్దుకొనవలెను. తరువాత ముఖ్యమైన మాటమీద వ్రేలు అదిమి పట్టుడు. ఆ మాట యొక్కటియే గుర్తింపబడినచో సామాన్యముగా అది అక్షరమే. కొన్ని క్రొత్త ఫోనులు బొమ్మలోని వ్రాతను గూడ ఊహించి గుర్తించును గాని, ఆ యూహను నమ్ముకొనరాదు. మూడవది ముఖ్యము. మనుమనిచేత చదివి వినిపించు సాధనమును పెట్టించి, కన్నులు మూసికొని వినుడు. తేదీ, రుసుము, స్థలము, ఇవి చెవిని పడనిచో ఆ పుట తప్పు. ఫోను తప్పు కాదు, మీ తప్పు అసలే కాదు.

అట్టిదానిని చూచినప్పుడు ఊరకుండక ఆ కార్యాలయమువారికి ఒక కార్డు వ్రాయుడు. భారత ప్రభుత్వ వెబ్ పుటలు ఎట్లుండవలెనో చెప్పు మార్గదర్శక సూత్రములు 2009 నుండియు నున్నవి. 2016లో చేయబడిన దివ్యాంగుల హక్కుల చట్టము సమాచారము వారికిని అందునట్లు చూడవలెనని శాసించుచున్నది. కావున మీ రడుగునది దయ కాదు.

మా మామయ్య ఇప్పటికిని నన్ను నిందింపలేదు. నేనే వారికొక పని యప్పగించితిని. కట్టిన ప్రతి పుటను యజమానులకు చూపుటకు ముందు వారికి పంపుదును. వారు వాలుకుర్చీలో కూర్చుండి, ఫోను చెవికి చేర్చి, తుదివఱకు విని, "తేదీ వినపడింది, ఇక పంపించుకోరా" అందురు. ఆ మాట విన్న పిమ్మటనే పుట నా చేయి దాటును.

మీ యింటికి వచ్చు ప్రతి పుటయు మీ కన్నులకును, మీ చెవులకును ఇముడునదిగా నుండుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.